ఎనిమిదో జత

టిమోతి ఫోను పొద్దున్న తొమ్మిది యాభై రెండుకు వచ్చింది. రత్నమణి ఎత్తలేదు. ఆ సమయంలో ఆమె మద్దిలపాలెంలోని తన ఆఫీసులో బీమా కంపెనీ మనుషులతో మాట్లాడుతోంది. ఫోను బల్ల మీద బోర్లించి ఉంది. పది ఇరవైకి తిరిగి చేసింది. స్విచ్చాఫ్.

పన్నెండు నలభైకి టిమోతి భార్య రోజలిన్ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. మల్కాపురం నుంచి రెండు ఆటోలు మారి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పదకొండయ్యేసరికి ఎక్కడున్నా ఫోన్ చేస్తాడు మేడమ్. పదకొండేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. ఇవాళ రాలేదు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి చేస్తే, బండి గోడౌన్ దగ్గర వదిలేసి పారిపోయాడన్నారు. స్టేషన్‌కి వెళ్తే, రేపటికి కూడా రాకపోతే అప్పుడు రమ్మన్నారు."

రత్నమణి ఇరవై ఆరేళ్ళు రవాణా శాఖలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా చేసింది. ఉద్యోగం ముందుగానే వదిలి, ఇప్పుడు లైసెన్సున్న సరుకు సర్వేయరుగా, దారిలో మాయమైన సరుకుల గురించి దర్యాప్తు చేస్తోంది. దీనితోపాటు ఇంకో పని ఉంది. ప్రమాదకరమైన సరుకు తోలే డ్రైవర్లకు ఏడాదికోసారి మూడు రోజుల తరగతి చెబుతుంది. టిమోతి ఆ తరగతికి మూడుసార్లు వచ్చాడు. మొదటి బెంచీలో కూర్చుని ప్రశ్నలు అడిగేవాడు. ఆమె నంబరూ ఆఫీసు అడ్రసూ అడిగి రాసుకుని, ఇంట్లో భార్యకు కూడా ఇచ్చి ఉంచాడు. ఇవాళ్టి వరకు ఒక్కసారీ చేయలేదు.

ఆమె కారు తాళాలు తీసుకుంది.

*

ఒంటిగంటా ముప్పై ఐదుకు ఇద్దరూ తగరపువలస దాటి, హైవే పక్కనున్న గోడౌన్ ఆవరణలో దిగారు. గోడౌన్ సూపర్‌వైజర్ రమణమూర్తి రెండు కుర్చీలు వేయించాడు. కూల్‌డ్రింకులు తెప్పించాడు. రత్నమణి సీసా ముట్టుకోలేదు.

"పొద్దున్న టిమోతి బండిలో ఏం సరుకు?"

"ఉప్పుడు బియ్యం మేడమ్. ఎక్స్‌పోర్టు. ఇరవై అడుగుల కంటైనర్. నెంబరు చివర నలభై నాలుగు పదిహేడు."

"టైములు చెప్పండి."

"తొమ్మిదీ ఇరవైకి లోడింగ్ అయిపోయింది. తొమ్మిదీ ముప్పై ఐదుకి కాటా. మళ్ళీ ప్లాట్‌ఫాం కాడికొచ్చి పెట్టినాడు, పురుగు మందుకి. పదింటికి కోపమొచ్చి ఎల్లిపోనాడు. పదిన్నరకి మందు పెట్టీవోడు వచ్చినాడు. పదీ యాభైకి సీలు ఏసీసినాం. ఇంకో డ్రైవర్ని కూకోబెట్టి పంపించీసినాను. పన్నెండూ ఐదుకి కంటైనర్ల యార్డు గేటులో పడింది. అన్నిటికీ చీటీలున్నాయి."

"కోపం ఎందుకొచ్చింది?"

"లేటు సేత్తన్నావని నాను రెండు మాటలన్నాను. పడలేకపోనాడు."

"మీ చీటీ ప్రకారం తొమ్మిది ముప్పై ఐదుకే కాటా అయింది. మందు పెట్టే మనిషి వచ్చింది పదిన్నరకి. లేటు ఎవరిది?"

రమణమూర్తి నవ్వాడు. "మాటా మాటా పెరిగింది మేడమ్. టైము సూసుకుని ఎవుడు తిట్టుకుంటాడు?"

"ఎలా వెళ్ళాడు?"

"రోడ్డు మీద ఆటో ఎక్కినాడు."

"గేటు పుస్తకంలో లేదు."

"డ్రైవర్లకి రాయరు."

రత్నమణి దగ్గర ఆ పుస్తకం అప్పటికే ఉంది. లోపలికి వస్తూనే వాచ్‌మన్ దగ్గర అడిగి తీసుకుంది. ఒక పేజీ తిప్పి అతని ముందు పెట్టింది. "నిన్న నలుగురు డ్రైవర్లు టీకి బయటికెళ్ళారు. నలుగురికీ రాశారు. వెళ్ళిన టైమూ, వచ్చిన టైమూ. మొన్న ఇద్దరు. ఇవాళ ఒక్కడికి మర్చిపోయారు."

"వాచ్‌మన్ తప్పు నాకేటి తెలుస్తాది?"

"తెలియదు," అందామె. "ప్లాట్‌ఫాం చూపించండి."

ప్లాట్‌ఫాం నడుమెత్తు సిమెంటు దిమ్మ. దానికి ఆనించి ఇంకో కంటైనర్ నిలబెట్టి ఉంది. కళాసీలు వరసగా బస్తాలు మోస్తూ లోపలికి వెళ్ళి వస్తున్నారు. అందరివీ ఒట్టి కాళ్ళే. దిమ్మ అంచున, మెట్ల పక్కన, చెప్పులు వరసగా ఉన్నాయి.

రత్నమణి ఆ వరస దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది. రమణమూర్తి ఫోను చూసుకున్నాడు.

"ఎంతమంది కళాసీలు?"

"ఏడుగురు."

"పని ఒక్క నిమిషం ఆపించండి."

మేస్త్రీ ఈల వేశాడు. బస్తాలు దించి ఏడుగురూ బయటికొచ్చారు. అందరికంటే పెద్దవాడు తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటూ, "ఏటి బావ, భోజనానికేటి?" అన్నాడు పక్కవాడితో.

"కాదు," అంది రత్నమణి. "చెప్పులు తొడుక్కుని ఇటు రండి."

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక కుర్రకళాసీ నవ్వాపుకున్నాడు. "సెప్పులు కూడా లెక్కెడతారేటమ్మా? అయి ఎక్స్‌పోర్టు కావు."

"నీ జత తొడుక్కో ముందు."

ఒక్కొక్కరే తొడుక్కుని పక్కకు వచ్చారు. చీపురు పట్టుకుని నేల మీద ఒలికిన బియ్యం ఊడుస్తున్న ముసలామె దూరం నుంచి చూస్తూ నిలబడింది. ఏడుగురూ వచ్చాక, మెట్ల పక్కన ఒక జత మిగిలింది. నల్లటి తోలు చెప్పులు. మడమలు అరిగినవి.

"ఇవెవరివి?"

పెద్ద కళాసీ వంగి చూసి తల అడ్డంగా ఊపాడు. "మాయి కావమ్మా."

"బియ్యం మీదికి ఎవరైనా చెప్పులతో ఎక్కుతారా?"

అతను ఆ ప్రశ్నకే నొచ్చుకున్నట్టు కనిపించాడు. "తినీదాని మీద ఎలగెక్కుతారమ్మా? మేం కాదు, డ్రైవర్లు కాదు, ఆ మూర్తి బాబైనా ఇప్పీసే ఎక్కుతాడు."

రోజలిన్ అప్పటికి ముందుకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ఎడమ చెప్పు చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పింది. తెగిన పట్టీని నీలిరంగు నైలాన్ దారంతో కుట్టిన కుట్లు ఉన్నాయి. టార్పాలిన్లు కుట్టే దారం అది.

"పోయిన ఆదివారం చర్చికెళ్ళే ముందు కుట్టుకున్నాడు," అంది. "కొత్తవి కొనుక్కోమంటే వినడు."

రత్నమణి రమణమూర్తి వైపు తిరిగింది. "కోపమొచ్చి ఆటో ఎక్కి వెళ్ళిపోయిన మనిషి చెప్పులు, సరుకెక్కే చోట విడిచి ఉన్నాయి. ఎక్కేటప్పుడు విడిచాడు. దిగినప్పుడు తొడుక్కోలేదు. ఎందుకో మీరు చెబుతారా, నేను చెప్పనా?"

రమణమూర్తి జవాబు చెప్పకముందే గేటు దగ్గర జీపు ఆగింది.

*

సీఐ మోహనకృష్ణకు రత్నమణి అంటే ఇష్టం లేదు. ఆ సంగతి దాచుకోవడం కూడా ఆయనకు ఇష్టం లేదు. రెండేళ్ళ కిందట ఆయన ప్రమాదమని రాసి మూసేసిన ఒక కేసును ఆమె హత్య అని తేల్చింది. పేపర్లో ఆమె ఫోటో వచ్చింది.

"రత్నమణి గారూ, రిటైరైన ఆఫీసర్లు గోడౌన్లలో సోదాలు చెయ్యకూడదని మీకు ఎవరూ చెప్పలేదా?"

"సోదా చెయ్యలేదు. చెప్పులు లెక్కపెట్టాను."

ఆయన చెప్పుల వైపు, తర్వాత రోజలిన్ వైపు చూశాడు. "అమ్మా, మీరు స్టేషన్‌లో ఇచ్చిన నంబరు వెతికించాం. మీ ఆయన ఫోను దొరికింది. మనిషి కాదు, సిగ్నలు. ఒంటిగంటా నలభైకి శ్రీకాకుళం దగ్గర ఆన్ అయింది. హైవే మీద ఉత్తరంగా పోతోంది. ఆయన బాగానే ఉన్నాడు. ఎక్కడికి, ఎందుకు పోతున్నాడో మీకే తెలియాలి."

"ఫోను పోతోంది," అంది రత్నమణి. "ఈ గేటు ముందు నుంచి రోజుకి మూడు వందల లారీలు ఉత్తరంగా పోతాయి. ఏ డ్రైవరు చేతికిచ్చి దారిలో ఆన్ చెయ్యమన్నా ఫోను శ్రీకాకుళం పోతుంది."

"చెప్పుల్లేకుండా మనిషి పారిపోలేడా?"

"పారిపోగలడు. కానీ పారిపోయే మనిషి తొమ్మిది యాభై రెండుకు నాకు ఫోన్ ఎందుకు చేస్తాడు?" ఆమె చేతిలోని చీటీ, ఫోనులోని ఫోటో చూపించింది. "ఇది ఇక్కడి కాటా. టిమోతి క్యాబిన్‌లో కూర్చుని ఉండగా తూచింది. ముప్పై ఆరు వేల నాలుగు వందల ఎనభై కేజీలు. ఇది యార్డు వాళ్ళు ఇప్పుడే ఫోటో తీసి పంపిన చీటీ. ముప్పై ఆరు వేల ఐదు వందల నలభై. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు నడిచిన బండి డీజిల్ తగ్గి తేలికవ్వాలి. ఇది అరవై కేజీలు బరువెక్కింది."

"రెండు కాటాల మధ్య అరవై కేజీల తేడా ఉంటుంది. ఈ మాట కోర్టులో మీరే నాకు చెప్పారు."

"ఉంటుంది. ఒక్క కాటా చీటీతో ఏదీ రుజువు కాదు. కాటా, చెప్పులు, గేటు పుస్తకం, ఫోను. నాలుగూ ఒకే పెట్టె వైపు చూపిస్తున్నాయి."

మోహనకృష్ణ చీటీ తీసుకుని చూశాడు. "మనిషి కంటైనర్‌లో ఉన్నాడంటారు."

రోజలిన్ చేతిలోంచి చెప్పు జారింది. ఆమె దాన్ని మళ్ళీ తీసుకుంది.

"ఉన్నాడనే అంటాను. ఫోను లాక్కుని, స్పృహ తప్పేలా కొట్టి తలుపు మూసి ఉంటారు."

"సార్, ఈవిడ కథలు..." అని రమణమూర్తి మొదలెట్టాడు.

"నువ్వు జీపెక్కు," అన్నాడు మోహనకృష్ణ. "యార్డు దాకా మాతో రా. కథైతే నువ్వూ నవ్వుదువుగాని." ఆ తర్వాత రత్నమణి దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. "ఇది కూడా పేపర్లో ఫోటో కోసమైతే, ఈసారి ఫోటో కింద ఏం రాయాలో నేను చెబుతాను."

ఆమె కారు దగ్గరికి నడుస్తుంటే చీపురుతో ఉన్న ముసలామె అడ్డొచ్చింది. పేరు అప్పాయమ్మ. జీపులో కూర్చున్న రమణమూర్తికి కనబడకుండా కారు వెనక్కి వచ్చి నిలబడింది.

"అమ్మా, నాను సెప్పినానని సెప్పకు. నిన్న సాయంకాలం నీలి డ్రమ్ములు వచ్చినాయి. ఇరవై వరకు. ఆటి మీద బొమ్మలున్నాయి, సున్నమేసి కొట్టీసినారు. పొద్దున్న ఆటిని ముందుగాల డబ్బాలోకి తోసీసి, ఎనకాతల మూటలు కట్టినారు. ఆ టిమోతి బాబు కాటాకాడి నుంచి వచ్చి, వాసన సూసుకుంటా మూటలెక్కినాడు. అప్పుడే మూర్తి బాబు నన్ను టీకి పంపించీసినాడు. రోజూ కుర్రోళ్ళని పంపుతాడు, నన్ను ఎన్నడూ పంపడు. నాను వచ్చీసరికి తలుపులు మూసీసున్నాయి."

"అరుపేమైనా విన్నావా?"

"నాకు సెవుడమ్మా," అంది అప్పాయమ్మ, ఆమె పెదాల కదలిక చూస్తూ. కళ్ళు తుడుచుకుంది. "అందుకే నన్నుండనిత్తారు."

*

దారిలో రత్నమణి యార్డుకు ఫోన్ చేసింది. నలభై నాలుగు పదిహేడు నాలుగున్నరకు పోర్టుకి బయల్దేరుతుందని చెప్పారు. సాయంత్రం ఓడలోకి ఎక్కుతుంది. ఓడలో కింది వరసలోకి వెళ్ళిన కంటైనర్ మీద ఇంకో ఐదు కంటైనర్లు ఎక్కుతాయి. ఆఫ్రికా చేరడానికి ఇరవై ఆరు రోజులు.

రోజలిన్ ముందు సీట్లో కూర్చుని ఉంది. చెప్పులు ఒళ్ళో ఉన్నాయి.

"డ్రమ్ముల్లో ఏముంది మేడమ్?"

"తెలియదు. గుర్తు మీద సున్నం కొట్టారంటే, ఆ గుర్తుంటే వేరే లైసెన్సు, వేరే డ్రైవరు, వేరే ఓడ కావాలి. ఇవేవీ లేకుండా బియ్యమని పంపిస్తున్నారు. టిమోతి అది చూశాడు. చూసి నాకు చేశాడు."

తాను ఎత్తలేదన్న మాట ఆమె అనలేదు. రోజలిన్ అడగలేదు.

తరగతిలో రత్నమణి ఏటా చెప్పే పాఠం ఒకటుంది. లారీ యజమాని యార్డుకి అప్పజెబుతాడు, యార్డు పోర్టుకి, పోర్టు ఓడకి. పెట్టె చేతులు మారిన ప్రతిచోటా ఒక సంతకం ఉంటుంది. లోపలికి చూసిన కన్ను ఒక్కటీ ఉండదు. సంతకాలు ఎన్ని ఎక్కువైతే పెట్టె అంత నమ్మకమైనదిగా కనిపిస్తుంది. డ్రైవరొక్కడే, సరుకెక్కుతున్నప్పుడు పక్కనుండేవాడు. అందుకని మీరు చూడండి, అని చెప్పేది.

టిమోతి చూశాడు.

యార్డు చేరేసరికి మూడూ నలభై రెండు. కంటైనర్లు నాలుగంతస్తుల ఎత్తున వరసలు కట్టి ఉన్నాయి. నలభై నాలుగు పదిహేడు వరసలో లేదు. అప్పటికే దించి, పోర్టు ట్రైలర్ మీద పెట్టారు. డ్రైవరు టైర్లు తన్ని చూసుకుంటున్నాడు.

తలుపుల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి కస్టమ్స్‌ది, బోల్టు సీలు పక్కన. రెండోది పుర్రె బొమ్మ ఉన్న ఎర్ర చీటీ. విషవాయువు పెట్టబడినది. పెట్టిన సమయం ఉదయం 10-40. డెబ్బై రెండు గంటల వరకు తెరవరాదు.

రోజలిన్ ఆ చీటీ చదివింది. మళ్ళీ చదివింది. ఆ పుర్రె బొమ్మ మీద వేలు పెట్టింది.

"మేడమ్, ఇదేటి?"

"అది కాగితం," అంది రత్నమణి. "విను. ఎగుమతి బియ్యానికి పురుగు పట్టకుండా గ్యాసు మాత్రలు పెట్టాలని నిబంధన. ఈ ఊళ్ళో ఎవరూ పెట్టరు. మాత్రలు మిగుల్చుకుంటారు, చీటీ అంటించి పోతారు. సర్టిఫికెట్ ఇస్తారు. నేను నలభై పెట్టెలు పరీక్షించాను, ముప్పై ఏడింటిలో ఏమీ లేదు. మందు లేదు. నువ్వు భయపడకు."

రోజలిన్ తలూపింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి గట్టిగా పీల్చుకుంది.

మోహనకృష్ణ జీపు దిగి వచ్చాడు. "కస్టమ్స్ సీలు పగలగొడితే ఒక కేసు. గ్యాసు పెట్టిన పెట్టె తెరిస్తే ఇంకో కేసు. ఎవరి అధికారంతో ఆపుతారు?"

"నా అధికారంతో కాదు." ఆమె బ్యాగులోంచి కాగితం తీసి, జీపు బానెట్ మీద పెట్టి నాలుగు వాక్యాలు రాసి సంతకం చేసింది. "ఫలానా పెట్టెలో ప్రకటించని ప్రమాదకర సరుకు ఉందని సర్వేయరు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, యార్డు ఆ పెట్టెను కదపకూడదు. పక్కకు తీసి పరీక్షకు పెట్టాలి. ఇది యార్డు లైసెన్సులోనే ఉంది. అబద్ధమైతే శిక్ష నాకు."

యార్డు షిఫ్ట్ ఇన్‌చార్జి కాగితం చదివి, టైము వేసి, డ్రైవరుకి చెయ్యి ఊపాడు. డ్రైవరు తిట్టుకుంటూ వచ్చాడు.

"ఓడ పోద్ది, నా ట్రిప్పు పోద్ది. మీ ఇన్‌స్పెక్టర్ల గొడవలోకి నన్నెందుకు లాగుతారు?"

"రెండు నిమిషాలు," అంది రత్నమణి, మోహనకృష్ణతో. "ఇంజన్లన్నీ ఆపించండి. రెండు నిమిషాల్లో ఏమీ వినబడకపోతే నన్ను జీపెక్కించండి."

ఆయన వాచీ చూసుకున్నాడు. మూడూ యాభై ఒకటి. "రెండంటే రెండే."

కంటైనర్లెత్తే యంత్రం ఆగింది. ట్రైలర్లు ఆగాయి. యార్డంతా నిశ్శబ్దమైంది. రోజలిన్ ట్రైలర్ దగ్గరికి వెళ్ళి, ఎండకు కాలుతున్న ఇనుప రేకు మీద అరచేతితో కొట్టింది.

"టిమోతీ! నానయ్యా!"

నిమిషం గడిచింది. మోహనకృష్ణ వాచీ మీంచి కళ్ళెత్తలేదు.

అప్పుడు లోపల్నుంచి చప్పుడు వచ్చింది. ఇనుము మీద ఏదో లోహపు ముక్క కొట్టిన చప్పుడు. మూడుసార్లు. కాసేపాగి మళ్ళీ మూడుసార్లు.

జీపు పక్కన రమణమూర్తి నేల మీద కూర్చుండిపోయాడు.

రోజలిన్ ఏడ్చింది, నవ్వింది, రేకుకు చెంప ఆనించింది. మోహనకృష్ణ రత్నమణిని ఒక్కసారి చూశాడు. "కట్టర్!" అని అరిచాడు. కానిస్టేబులు పరిగెత్తాడు. యార్డు మనుషులు తలుపుల వైపు గుమిగూడారు. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేస్తున్నారు.

"ఆగండి," అంది రత్నమణి.

ఆమె తలుపుల దగ్గర లేదు. ట్రైలర్ రెండో కొసన, క్యాబిన్ వైపు నిలబడి పైకి చూస్తోంది.

"ఇంకేం ఆగడం? మనిషి బతికున్నాడు."

"చప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?"

మోహనకృష్ణ చెవి పెట్టి విన్నాడు. మళ్ళీ మూడు దెబ్బలు. ఈసారి నెమ్మదిగా. "ఆ చివర. పైన."

"తాళం వేసిన గదిలో ఉన్న మనిషి, బయట భార్య గొంతు వినబడితే ఎక్కడికొస్తాడు?"

"తలుపు దగ్గరికి."

"ఇతను రాలేదు. తెలివి వచ్చాక బస్తాల మీద పాక్కుంటూ తలుపుకు ఎంత దూరం పోవచ్చో అంత దూరం పోయాడు. పై మూలకు. అక్కడ గాలి రంధ్రాలుంటాయి." ఆమె గొంతు మారలేదు గానీ మాటలు విడివిడిగా వచ్చాయి. "గ్యాసు మాత్రలు పెట్టేది తలుపు దగ్గర. అలాంటి పెట్టెలో చిక్కుకుంటే తలుపుకు దూరంగా పొమ్మనీ, గాలి రంధ్రం వెతుక్కోమనీ తరగతిలో చెప్పాను. అతను నా పాఠం ప్రకారం నడుచుకుంటున్నాడు."

మోహనకృష్ణ చేతిలోని కట్టర్ కిందికి దిగింది.

"మందు పెట్టే మనిషి ఎవరు? ఎక్కడున్నాడు?" అని అడిగింది రత్నమణి.

యార్డులోనే ఇంకో వరస వెనక పనిలో ఉన్న అతన్ని తీసుకొచ్చారు. పేరు సాయిశంకర్. ముప్పై ఏళ్ళుంటాయి. భుజాన సంచి, మెడలో ముసుగు. ఇదంతా ఏమిటో తెలియక అందరి ముఖాలూ చూస్తున్నాడు. రత్నమణిని చూసి మటుకు గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు.

"పొద్దున్న తగరపువలసలో ఈ పెట్టెకి చీటీ అంటించావా?"

"అంటించినాను మేడమ్."

"లోపల చూశావా?"

"నిండుగా ఉంది, తలుపు కాడే ఎట్టీసి పొమ్మన్నాడు మూర్తి బాబు. సీకటిగా ఉంది. తలుపు కాడే ఎట్టినాను."

"ఏం పెట్టావు?"

"మాత్రలు మేడమ్."

"సాయిశంకర్. నేను ఇన్‌స్పెక్షన్‌కి రాలేదు. నీ మీద ఏమీ రాయను. నిజం చెప్పు. చీటీ ఒక్కటే అంటించావు కదా?"

అతను నొచ్చుకున్నాడు. "లేదు మేడమ్, ఒట్టు. లెక్కకి ఎన్నెట్టాలో అన్నీ ఎట్టినాను. గాలి రంధ్రాలకి పైన టేపు కూడా ఏసినాను."

జీపు పక్కనుంచి రమణమూర్తి అరిచాడు. "నిజంగా ఎట్టీసినావేట్రా? ఎప్పుడూ ఎట్టవు గదరా!"

"ఎప్పుడూ ఎట్టీవోణ్ణి కాదు," అన్నాడు సాయిశంకర్. రత్నమణి వైపే చూస్తూ, మంచి మార్కు కోసం నిలబడిన పిల్లవాడిలా చెప్పాడు. "పోయిన నెల మీరే గదా మేడమ్, చీటీలంటించి పోతన్నామని పెద్దాఫీసుకి రిపోర్టు రాసినారు. మా ఓనర్ పిలిచి లైసెన్సు పోతాదన్నాడు. అందుకని ఈ నెల ఒకటో తారీకు నుంచి నాను అన్నిట్లోనూ ఎడతన్నాను. నిజంగానే ఎడతన్నాను."

ఆ రిపోర్టు నాలుగు పేజీలు. అందులో తప్పు వాక్యం ఒక్కటి కూడా లేదు.

"పదీ నలభై," అంది రత్నమణి. వాచీ చూసింది. మూడూ యాభై ఎనిమిది. "ఐదు గంటల పద్దెనిమిది నిమిషాలు. సీఐ గారూ, తలుపు తెరిచిన చోట నిలబడ్డవాళ్ళు కూడా పడిపోతారు. గాలి వచ్చే వైపుకి అందరినీ వంద అడుగుల వెనక్కి పంపండి. ఆ నీళ్ళ పైపు పట్టుకొస్తున్న అబ్బాయిని ఆపండి, ఆ మాత్రల మీద నీటిచుక్క పడితే గ్యాసు ఇంకా లేస్తుంది. సాయిశంకర్, నీ ముసుగు ఇటివ్వు."

అతను ఇచ్చాడు. ఆమె ఫిల్టర్ డబ్బా తిప్పి చూసింది. గడువు తీరి నాలుగేళ్ళయింది. ఇన్నేళ్ళూ దాంతో పని పడలేదు.

మోహనకృష్ణ ఆ ముసుగును ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. తేదీ ఆయన కూడా చూశాడు. దాన్నే తలకు బిగించుకుని, కట్టర్ పట్టుకుని తలుపుల వైపు నడిచాడు.

లోపల దెబ్బలు రెండు వినబడ్డాయి. ఆ తర్వాత వినబడలేదు.

కానిస్టేబులు వెనక్కి లాగుతుంటే రోజలిన్ చెయ్యి విడిపించుకుని రత్నమణి ఎదురుగా వచ్చి నిలబడింది.

"మందు లేదన్నారు కదా మేడమ్?"

రత్నమణి ఆమె ముఖం నుంచి చూపు తిప్పుకోలేదు.

"ఉంది," అంది. చీరకొంగు నడుముకు చుట్టుకుని, గాలి రంధ్రం మీది టేపు చింపడానికి ట్రైలర్ చక్రం మీద కాలు పెట్టి పైకెక్కింది.